శిశిరము నుండి వసంతమునకు: కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమల రైతు అంగడి

ఋతువులను వర్ణించిన కవులు మన దేశమున పెక్కండ్రు కలరు. ఋతువులను లెక్కల పుస్తకములోని కెక్కించిన వ్రాయసకాండ్రను గూర్చి పలికినవారు అరుదు. కాళిదాస మహాకవి ఋతుసంహారమును గ్రీష్మముతో నారంభించి వసంతముతో ముగించెను. పంచాంగకర్తలు చైత్రశుద్ధ పాడ్యమితో సంవత్సరమును మొదలు పెట్టుదురు. నిజాము రాజ్యపు దఫ్తరములు ఫసలీ సంవత్సరమును ఆజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారముతో, ప్రారంభించుచుండెను. చెరకు పండించు రైతునకు సంవత్సరము ఈ మూటిలో దేనితోను మొదలు కాలేదు. మార్గశిరమున గానుగ తిరుగనారంభించిన దినమే అతనికి సంవత్సరాది. ఫాల్గునమున చివరి పెనము దించి అంగడి బాకీ తేల్చుకొన్న దినమే సంవత్సరాంతము. ఏడాది పొడవునను చేసిన కష్టము ఆ నాలుగు మాసములలోనే రూపాయలుగా మారవలసి యుండెను.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాస మొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, రాజుల యుద్ధములను విడిచి, ఈ నాలుగు మాసముల అంగడిని గూర్చి వ్రాయ నిశ్చయించితిని. నేను వృత్తిచే గ్రామపు లెక్కలు వ్రాయువాడను. కావ్యములను గురుముఖమున గాక స్వయముగా నిఘంటువు పట్టుకొని చదువుకొన్నవాడను. అందుచేత అర్థశాస్త్రమును అడ్తి చీటియు ఈ వ్యాసమున పక్కపక్కన కనబడినచో విజ్ఞులు మన్నింతురు గాక.

రైతు అంగడి అని నేననునది ఒక్క కట్టడము కాదు. అది మూడు తావులుగా నుండెను. మొదటిది గానుగ పాక. రెండవది వారపు సంత. మూడవది పట్టణములోని అడ్తి దుకాణము. మొదటి తావున రైతే వర్తకుడు. రెండవ తావున రైతును కొనువాడును ఎదురెదురుగా కూర్చుండువారు. మూడవ తావున రైతు సరకు దించి, చేతులు కట్టుకొని ప్రక్కన నిలుచుండువాడు. ఏ కాలమున ఏ తావు ప్రబలముగా నుండెనో, అనగా త్రాసు ఎవరి చేతిలో నుండెనో, విచారించినచో ఈ సీమ రైతు చరిత్ర చాలవరకు తెలియునని నా అభిప్రాయము.

రెండు ఊళ్లు

కామారెడ్డి, ఎల్లారెడ్డి అను ఈ రెండు పట్టణములకు నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. తాడ్వాయి, లింగంపేటల మీదుగా బాట పోవును. లింగంపేటలో నాగన్న బావి యను మెట్లబావి కలదు. పూర్వపు రికార్డులలో ఈ ఊళ్లు కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అని కనబడును. పేట యను మాటయే ఇవి అంగడి గల ఊళ్లని తెలుపుచున్నది. దోమకొండ నేలిన కామినేని వంశమునందలి కామిరెడ్డి పేర కామారెడ్డి వెలసినదని చెప్పుదురు. ఆ వంశమువాడైన కామినేని మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రమను కావ్యమును రచించిన కవి. కావున ఈ సీమకు నాగలియు గంటమును రెండును పాతవే.

1905లో ఇందూరు జిల్లాకు నిజామాబాదు అని పేరు మారి, ఎల్లలు సవరింపబడినప్పుడు, ఈ రెండును దానిలోని తాలూకాలుగా నుండెను. 1948లో నిజాము పాలన ముగిసెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా యయ్యెను. ఎల్లారెడ్డి దానిలో ఒక రెవెన్యూ డివిజను. పేరులో పోలిక గల అడ్లూరు ఎల్లారెడ్డి సదాశివనగరము వైపున నున్న వేరొక గ్రామము. సిరిసిల్ల ప్రాంతపు ఎల్లారెడ్డిపేట మరియొకటి. పాత కాగితములు చదువువారు ఈ మూటిని కలిపివేయరాదు.

రెండు ఊళ్ల గతులను వేరు చేసినది రైలు. సికిందరాబాదు నుండి మన్మాడు వరకు పోవు గోదావరీ లోయ రైలు మార్గము 1901 నాటికి నడువసాగెను. అది కామారెడ్డి మీదుగా పోయినది. ఎల్లారెడ్డికి నేటికిని రైలు లేదు. ఆనాటి నుండి కామారెడ్డి సరకు చేరు ఊరయ్యెను, ఎల్లారెడ్డి సరకు బయలుదేరు ఊరయ్యెను. పడమటి అడవి అంచుల నుండి, చెరువుల క్రింది పొలముల నుండి, బండ్లు రాత్రివేళ కదలి, చలికి గొంగళి కప్పుకొన్న బండివాండ్రతో తెల్లవారుసరికి పట్టణము చేరవలసి యుండెను. రైలు ఎక్కిన బెల్లము దూరదేశముల ధరకు అమ్ముడుపోవును. ఆ ధర యెంతయో ముందుగా తెలియువాడు స్టేషనుకు దగ్గరనున్నవాడు. ఎల్లారెడ్డి బండివానికి అది తెలియు మార్గము లేకుండెను. దుకాణము బలమునకు ఇది మొదటి కారణము.

చెరకును గూర్చి ప్రాచీనుల మాట

కౌటిల్యుడు అర్థశాస్త్రమున సీతాధ్యక్ష ప్రకరణమునందు పైరుల తారతమ్యమును చెప్పుచు వరికి ప్రథమ స్థానమును, కూరగాయల వంటి వానికి మధ్యమ స్థానమును, చెరకునకు కడపటి స్థానమును ఇచ్చెను. కారణమును కూడ చెప్పెను: చెరకునకు బాధలు పెక్కు, వ్యయము మెండు. రెండువేల యేండ్ల నాటి ఈ వాక్యమును మా సీమ రైతు ఎవ్వడును త్రోసివేయజాలడు. ఇతర పైరులు నాలుగు నెలలలో చేతికి రాగా చెరకు పది పన్నెండు నెలలు నేలపై నిలుచును. నీరు తప్పరాదు, నక్క చొరరాదు, నిప్పు పడరాదు.

అయినను రైతు చెరకును విడువలేదు. ఎందుచేత? అదే గ్రంథమున కోష్ఠాగార ప్రకరణమునందు చెరకు నుండి వచ్చు ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను అయిదు రూపములు లెక్కింపబడినవి. చెరకు ఒక్కటియే అయినను అమ్మకపు రూపములు పెక్కు. వడ్లు పండించినవాడు వడ్లనే అమ్మును. బియ్యము చేయువాడు వేరొకడు. ప్రత్తి పండించినవాడు ప్రత్తినే అమ్మును; వస్త్రము నేయువాడు వేరొకడు. చెరకు పండించినవాడు మాత్రము తన పొలము గట్టుననే దానిని తుది సరకుగా చేసి అమ్మగలుగుచుండెను. ఈ స్వాతంత్ర్యము కొరకే అతడు అన్ని బాధలను సహించెను. ఈ వ్యాసమునకు ఇదియే మూలసూత్రము.

కాళిదాసు ఋతుసంహారమున శిశిరమును వర్ణించు అయిదవ సర్గమునందు, బెల్లపు వంటకములు సమృద్ధిగా నుండు కాలమని, వరియు చెరకును మనోహరముగా నుండు కాలమని స్మరించెను. కావ్యమును శృంగారదృష్టితో చదువువారు ఆ మాటను దాటిపోవుదురు. లెక్కలు వ్రాయువాని కన్ను అచ్చటనే ఆగును. చలి చక్కెరకు హితమను రహస్యము కవికిని తెలిసియున్నది. చలి వాతావరణమున చెరకు ఎదుగుట మందగించి, తీపిని గడలలో కూడబెట్టుకొనును. ఎండలు ముదిరిన తరువాత నరికిన గడలో తీపి త్వరగా విరిగిపోవును. దాని బెల్లము మెత్తబడి నిలువదు. కావున ఈ అంగడికి కాలపు హద్దు వర్తకుడు పెట్టినది కాదు, ప్రకృతియే పెట్టినది.

గానుగ పాక

పూర్వము కొయ్య గానుగలును రాతి గానుగలును వాడుకలో నుండెను. 1870ల దశకమున బీహారునందలి బిహియాలో థామ్సన్, మిల్న్ అను ఇద్దరు దొరలు ఇనుప రోలర్ల గానుగను సిద్ధము చేసిరి. అది క్రమముగా దేశమంతట వ్యాపించెను. ఎద్దులు వలయముగా తిరుగుచుండ, ఒకడు గడలను రోలర్ల నడుమ పెట్టుచుండ, రసము తొట్టిలోనికి కారును. రసమును వడగట్టి పెద్ద ఇనుప పెనములో పోసి, గుంటపొయ్యిపై కాచుదురు. వంటచెరకు కొనవలసిన పని లేదు. ఎండిన పిప్పియే పొయ్యికి ఆహారము. సున్నపు తేటయు, బెండ మొక్కల జిగురును వేయగా మడ్డి పైకి తేలును. దానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. ఇంచుమించు 118 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి పాకము వచ్చును. పాకము పట్టు మనిషి ఉష్ణమాపకము నెరుగడు. చల్లని నీటిలో ఒక చుక్క వేసి, వ్రేళ్లతో ఉండ చేసి, అది గిన్నెకు కొట్టిన చప్పుడును బట్టి నిర్ణయించును. క్షణము ముందైన ముద్ద కట్టదు. క్షణము వెనుకైన మాడును. వంద మణుగుల చెరకునకు సుమారు పది మణుగుల బెల్లము దిగును.

ఈ పాకయే రైతు మొదటి అంగడి. రాత్రింబవళ్లు పొయ్యి వెలుగుచుండుటచే చలికాలమున ఊరివారందరును అక్కడనే చేరుదురు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి తమ తమ పనులకు ప్రతిఫలముగా బెల్లము తీసికొనిపోవుదురు. పాక దారిన పోవు బాటసారిని రసము త్రాగకుండ పంపుట అమంగళమని భావించుచుండిరి. పొరుగు రైతు శనగలు తెచ్చి బెల్లము కొనిపోవును. జొన్నలు తెచ్చినవాడు జొన్నలకు సరి తూచుకొనును. సంక్రాంతికి నువ్వుల ఉండలకును అరిసెలకును కావలసిన బెల్లమును పల్లెలోని ప్రతి గృహిణియు ఈ పాకకాడనే బేరము చేసెడిది. ఇచ్చట ధరను నిర్ణయించువాడు రైతు. కాని ఇరుగుపొరుగు ముఖము చూచి నిర్ణయించును. తరుగు లేదు, కమీషను లేదు, హమాలీ లేదు. కొసరు మాత్రము కలదు. దాని నిచ్చువాడు సంతోషముతో ఇచ్చును.

ఈ అంగడికి ఒకటే లోపము. పల్లె తినగలిగినది కొంచెమే. ఒక్క గానుగ దించిన బెల్లమును ఊరంతయు తినినను మిగులును. మిగిలినది సంతకును గంజ్‌కును పోక తప్పదు.

కాలువ, కర్మాగారము

ఇరువదవ శతాబ్దమున ఈ ప్రాంతపు నీటి చరిత్ర మారెను. ఎల్లారెడ్డికి సమీపమున పోచారము జలాశయము 1922లో పూర్తియయ్యెను. 1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ మంజీరా నదిపై ఆనకట్ట పని మొదలై 1931లో ముగిసెను. అదియే నిజాంసాగరము. దాని నిర్మాణమునకు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు ప్రధాన శిల్పి. సుమారు రెండు లక్షల డెబ్బదియైదు వేల యెకరములకు నీరందించుట దాని ఉద్దేశము. అయితే ఆ నీరు చాలవరకు బాన్సువాడ, బోధను వైపుననున్న పల్లపు భూములకు పోయినది. కామారెడ్డి తాలూకా పొలములు చెరువులను, మోట బావులను నమ్ముకొనియే యుండెను.

1932లో భారత ప్రభుత్వము చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకపు శాసనమును చేసెను. విదేశపు చక్కెర ప్రియమై, దేశమున కర్మాగారములు వెలసెను. బోధనునందలి శక్కర్‌నగరమున నిజాము షుగర్ ఫ్యాక్టరీ 1937లో నెలకొనెను. కోయంబత్తూరు చెరకు పరిశోధనాలయమున 1912 నుండి జరిగిన కృషి ఫలితముగా వచ్చిన కొత్త రకములు, ముఖ్యముగా కో 419, దక్షిణదేశమున పేరు పొందినవి. ఈ విధముగా ఒకే జిల్లాలో రెండు చెరకు లోకములు ఏర్పడెను. కాలువ క్రిందివాడు గడను ఫ్యాక్టరీకి తోలెను. చెరువు క్రిందివాడు, బావి క్రిందివాడు గానుగ ఆడి బెల్లము చేసెను. ఫ్యాక్టరీకి తోలినవానికి నిశ్చితమైన ధర కలదు; కాని అమ్ముటలో స్వేచ్ఛ లేదు. బెల్లము చేసినవానికి స్వేచ్ఛ కలదు. కాని నిశ్చితమైన ధర లేదు. కామారెడ్డి బెల్లపు విపణిగా ప్రసిద్ధి చెందుటకు ఈ భేదమే హేతువు.

ఏది మేలని అడిగినచో వెంటనే చెప్పుట కష్టము. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు ఫ్యాక్టరీ ప్రాంతములను రిజర్వు చేయుటకు అధికారమిచ్చెను. కనీస ధరను కూడ ఏర్పరచెను. ధర యున్నంత మాత్రమున డబ్బు సకాలమున చేతికి వచ్చునని కాదు. ఆసియాలోని పెద్ద ఫ్యాక్టరీలలో ఒకటిగా చెప్పుకొనబడిన బోధను ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతబడెను. ఫ్యాక్టరీని నమ్మి గానుగను పాత ఇనుమునకు అమ్మివేసిన రైతు ఆ దినమున రెంటికిని దూరమయ్యెను. గానుగ పోయిన తరువాత దానిని నడుపు విద్యయు పోవును. పాకపు ఉండ చప్పుడును గుర్తించు చెవి మరల తయారగుటకు ఒక తరము పట్టును.

త్రాసు, చీటి

ఇక మూడవ తావునకు వత్తము. పట్టణపు గంజ్‌లో అడ్తి దుకాణము రైతునకు శత్రువని గాని మిత్రుడని గాని ఒక్క మాటలో అనరాదు. చెరకు నాటిననాడు విత్తపు గడకు, ఎరువునకు, కూలికి అప్పు ఇచ్చువాడు అడ్తిదారుడే. కూతురు పెండ్లికి ఇచ్చువాడును అతడే. రైతు అతనిని సేటు అని పిలుచును. అతడు రైతును పటేలా అని మర్యాదగా పిలుచును. మర్యాద నిజమే. కాని అప్పు తీసికొన్నవాడు తన బెల్లమును వేరొక దుకాణమున దించుటకు వీలు లేదు. ధాన్యమును అప్పుగా తీసికొని ధాన్యముగానే వడ్డీతో తీర్చు నాగు పద్ధతి పల్లెలలో నెట్లుండెనో, పట్టణమున బెల్లపు అడ్వాన్సు అట్లుండెను.

దీనికి తోడు కాలము. బెల్లము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తొలకరి పడినంతనే చెమర్చి కారును. పొడి గది లేని రైతు వానలకు ముందే అమ్మవలెను. కిస్తు గడువు తరుముచుండును. కావున మాఘ ఫాల్గునములలో అందరి బెల్లమును ఒక్కసారి గంజ్‌కు చేరి ధర పడిపోవును. గోదాము కలవాడు కొని నిలువ చేసి శ్రావణమున, పండుగల వేళ, అమ్ముకొనును. శిశిరమున అమ్మువానికిని వర్షర్తువున అమ్మువానికిని నడుమనున్న ధరల భేదమే ఆ పొడి గది యొక్క విలువ.

పిదప తూనిక. శేరునకు 80 తులములు, మణుగునకు 40 శేర్లు, పల్లాకు మూడు మణుగులు, అనగా 120 శేర్లు. ఉదాహరణకు ఒక రైతు పది పల్లాల బెల్లము తెచ్చెననుకొందము. అవి 30 మణుగులు. మణుగునకు ఒక శేరు తరుగు తీసినచో 30 శేర్లు, అనగా ముప్పావు మణుగు, తూనిక ముగియక ముందే రైతుది కాకుండ పోవును. తరువాత కమీషను, తరువాత దడ్వాయి కూలి, తరువాత హమాలీ, తరువాత ధర్మమునకని ఒక మొత్తము. ఒక్కొక్కటి చిన్నది, కూడిక పెద్దది. నాణెముల గొడవయు నుండెను. నిజాము హాలీ సిక్కా ఏడు రూపాయలకు బ్రిటిషిండియా కల్దారు ఆరు రూపాయలు సమానము. బయటి దేశమున కల్దారులో అమ్ముడుపోయిన సరకునకు రైతు చేతికి వచ్చునది హాలీ.

ఈ అన్యాయమును ప్రభుత్వము చూడకపోలేదు. హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల శాసనము 1339 ఫసలీలో, అనగా 1930లో, వచ్చెను. తూనిక నిజముగా నుండవలెనని, తగ్గింపులు నియమితముగా నుండవలెనని, మార్కెట్టు కమిటీలలో రైతులు కూడ ఉండవలెనని దాని భావము. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము తూనిక క్రమముగా అమలు కాసాగెను. 1966లో ఆంధ్రప్రదేశ మార్కెట్ల శాసనము చేయబడెను. కౌటిల్యుడు తూనికలు చూచు పౌతవాధ్యక్షునకు ఒక ప్రకరణమునే కేటాయించి, దొంగ త్రాసునకు దండన విధించెను. ఆ భావము మరల చట్టమగుటకు మా సీమలో అంతకాలము పట్టినది.

చట్టము వచ్చినంతనే త్రాసు చక్కబడలేదు. పల్లా సుమారు 112 కిలోలు, క్వింటాలు 100 కిలోలు. పల్లా ధర నోట నున్న రైతునకు క్వింటాలు ధర చెప్పినప్పుడు, అది ఎక్కువయో తక్కువయో తేల్చుకొనుటకు గుణకార భాగహారములు కావలెను. పల్లాకు 112 రూపాయలును క్వింటాలునకు 100 రూపాయలును ఒకటే ధర. ఇంత చిన్న లెక్క తెలియనివానికి కొత్త కొలత కూడ పాత మోసమునకే పనికివచ్చును. అమ్మకపు చీటి, అనగా తక్‌పట్టీ, అతని చేతిలో పెట్టుదురు. అది ఆనాడు ఉర్దూలోనో మోడీ లిపిలోనో ఉండెను. తరువాత తెలుగులోనికి వచ్చెను. చదువలేనివానికి ఏ లిపియైనను ఒకటే.

బెల్లముపై నింద

చెరకు రైతునకు మరియొక కష్టము ఊహింపని దిక్కు నుండి వచ్చెను. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలింపబడెను. ఆ ఉద్యమము పవిత్రమైనది. దానిని ఎవ్వరును తప్పు పట్టరాదు. కాని దొంగసారా కాచువారు నల్లబెల్లమును వాడుటచే, బెల్లపు బండి యెల్ల అనుమానమునకు పాత్రమయ్యెను. రంగు తగ్గిన బెల్లము వైద్యునికిని పశువుల దాణాకును పనికివచ్చినను, నేరస్థుని వలె నిలువబడవలసి వచ్చెను. మంచి బెల్లమునకును చెడ్డ పనికి పోవు బెల్లమునకును భేదము చూపు పత్రము రైతు చేతిలో లేకుండెను.

అదే బెల్లమును మేడారమున సమ్మక్క సారలమ్మలకు బంగారమని పేరు పెట్టి నిలువెత్తు తూచి సమర్పింతురు. రెండేండ్లకొకసారి మాఘ పూర్ణిమకు జరుగు ఆ జాతర చలి తగ్గు కాలముననే వచ్చుట గమనింపదగినది. ఒక చోట దేవతకు బంగారము, మరియొక చోట కేసులో ముద్దాయి. సరకు మారలేదు, చూచు కన్ను మారినది.

వసంతము వైపు

శివరాత్రికి చలి శివశివా అని పోవునని పెద్దలందురు. ఆ దినమునకు కందగడ్డలు అంగడి కెక్కును. ఎల్లారెడ్డి, గాంధారి వైపు అడవులలో మోదుగులు ఆకు రాల్చి, ఎఱ్ఱని పూవులతో నిండును. కాముని పున్నమకు ఆ పూవులను కాచి రంగు తీయుట పల్లెపిల్లల కలవాటు. శనగ బండ్లెక్కును, తెల్లజొన్న కంకులు కోతకు వచ్చును. చెట్లపై చింతకాయ ఎండి, స్త్రీలు ఇంటి ముంగిట కూర్చుండి గింజ తీయుదురు. సంతలో బెల్లపు ముద్దల వరుస కుదించుకొనిపోవుచుండ, కొత్త చింతపండు వరుస పెరుగుచుండును. అంగడి ఋతువు మార్చుకొనుట అనగా ఇదియే.

ఉగాది పచ్చడిని గూర్చి షడ్రుచుల తత్త్వమును పెద్దలు చెప్పియున్నారు. లెక్కల దృష్టితో చూచినచో అది ఈ అంగడి యొక్క సంవత్సరాంతపు ఖాతా. శిశిరమున దిగిన బెల్లము, ఫాల్గునమున వలిచిన చింతపండు, అప్పుడే కాసిన మామిడి పిందె, అప్పుడే పూచిన వేపపూవు. ఉప్పు తప్ప తక్కినవన్నియు ఊరి హద్దులలోనివే. దానిని నోట పెట్టుకొను దినమునకు రైతు చేతిలోని తక్‌పట్టీ కూడ తేలియుండవలెను. బాకీ తీరి నాలుగు రూపాయలు మిగిలిన ఇంట బెల్లపు పాలు హెచ్చు. మిగులని ఇంట వేపపూవు పాలు హెచ్చు.

నేటి స్థితి

నేడు ఈ అంగడి రూపు మారినది. బోరుబావులు వచ్చినవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యమునకు ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చెను. వరికి కనీస మద్దతు ధరయు, ఊరూర కొనుగోలు కేంద్రములును ఏర్పడెను. పూర్వము ఆబి, తాబి అని వ్రాయబడిన పంటలు వానాకాలము, యాసంగి అను పేర్లతో వరిచేలనే నింపుచున్నవి. పన్నెండు నెలలు నిలుచు చెరకు, కూలీలు దొరకని కాలమున, రైతునకు బరువయ్యెను. గానుగలు తగ్గినవి. అనకాపల్లి, కొల్హాపురముల బెల్లము మన దుకాణములకు దిగుమతి యగుట వింత కాదు.

రైతు తన సరకును తానే అమ్ముకొనవలెనను తలంపు మాత్రము చావలేదు. 1999 జనవరి 26న విశాఖపట్టణమున మొదటి రైతు బజారు తెరువబడెను. తరువాత అట్టివి పెక్కు పట్టణములలో వచ్చినవి. కూరగాయల రైతునకు అవి గానుగ పాక వంటివే: కొనువాని ముఖము చూచి, తన త్రాసుతో తూచి అమ్ముట. రసాయనములు లేని బెల్లమును వెదకి కొనువారు నగరములలో హెచ్చుచున్నారు. ఆ కోరికను మన పల్లెలు తీర్చగలవా, లేక ఇక్కడి గడ మరల ఎవరి చేతి మీదుగనో పోవలసినదేనా అన్నది నేటి ప్రశ్న. సంఘముగా ఒక పొడి గదిని కట్టుకొనగలిగిన గ్రామము మాఘములోనే అమ్మవలసిన అగత్యము నుండి సగము విడివడును.

ఈ విషయమున గ్రంథాలయమునకేమి పని యని కొందరు అడుగవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపింపబడిన నాటి నుండి తెలంగాణమున గ్రంథాలయములు వినోద స్థలములు మాత్రమే కాక మేలుకొలుపు స్థలములుగా నుండెను. ఇరువదియైదేండ్లుగా మన పల్లెలో పత్రిక చదివిన పిల్లలు నేడు తమ తండ్రుల తక్‌పట్టీలను తామే చదువుచున్నారు. తరుగు ఎందుకు తీసితివని అడుగుచున్నారు. చట్టములు మూడుసార్లు మారినను సాధ్యము కాని మార్పు ఇది.

ఒక మనవితో ముగించుచున్నాను. ప్రతి ఇంటను అటుకలమీద పాత పహాణీ నకళ్లు, గానుగ కూలి లెక్కలు, హాలీ సిక్కా నాటి చీటీలు, అడ్తి ఖాతాలు చెదలుపట్టి యున్నవి. వానిని పొయ్యిలో వేయకుడు. ఎవ్వరి పరువును పోకుండ పేర్లు మరుగుపరచి, నకలు వ్రాసి, మన గ్రంథాలయపు బీరువాలో ఒక అరను వానికి కేటాయింతము. ఉర్దూ చీటీలను చదువగల వృద్ధులు మన నడుమ ఇంకను ఉన్నారు. వారున్నప్పుడే వారిచే చదివించి తెలుగున వ్రాయించుకొనవలెను. ఈ పనికి నా వంతు వ్రాతను నేను ఉచితముగా చేయుదును. ఈ రాబోవు ఉగాది మొదలుకొని ప్రతి ఆదివారము సాయంకాలము గ్రంథాలయమున కూర్చుండెదను. కాగితములు గలవారు తెచ్చెదరు గాక. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక.